కాన్పు ఎవరి నిర్ణయం: సీతారాండేరా నుంచి సింగ్‌భూమ్ పల్లెల దాకా

జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ నగరంలో, సాక్చీ బజారు దాటిన తరువాత భాలుబాసా, ఆగ్రికో పేటలను ఆనుకొని, సువర్ణరేఖ నదికి దగ్గరగా ఉండే సీతారాండేరా పర్యాటకుల పటాల్లో కనిపించే స్థలం కాదు. జూబిలీ పార్కు, డిమ్నా సరస్సు, దల్మా కొండల కోసం వచ్చేవారు ఈ పేట పేరు వినకుండానే తిరిగిపోతారు. అయినప్పటికీ ఒక స్త్రీ ఎప్పుడు తల్లి కావాలి, ఎక్కడ కనాలి, కన్నబిడ్డ ఏ నీళ్లు తాగి ఏ గాలి పీల్చి పెరగాలి అన్న ప్రశ్నలకు జవాబు వెతుకుతూ ప్రయాణం చేసేవారికి ఇది మంచి మజిలీ. ఇక్కడి నుంచి పడమటికి రెండు గంటల లోపు ప్రయాణంలో, స్త్రీలు గుంపుగా కూర్చుని మాట్లాడుకున్నందువల్ల పసిబిడ్డలు బతికిన పల్లెలున్నాయి. ఆగ్నేయంగా 30 కిలోమీటర్ల లోపే, తమ కడుపు పండకపోవడానికీ పుట్టిన బిడ్డలు వైకల్యాలతో ఉండడానికీ కారణం యురేనియం గనే అని స్త్రీలు దశాబ్దాలుగా చెబుతున్న ఊళ్లున్నాయి. ఈ రెండింటి నడుమ ఉక్కు నగరమూ దాని బస్తీలూ ఉన్నాయి.

ఈ మూడింటినీ కలిపి చూడడానికి వీలైన భావన పునరుత్పత్తి న్యాయం. 1994 జూన్‌లో చికాగో నగరంలో సమావేశమైన 12 మంది నల్లజాతి స్త్రీలు ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. గర్భస్రావ హక్కు గురించి మాత్రమే జరుగుతున్న చర్చ పేద స్త్రీల జీవితానికి చాలదని వారు భావించారు. బిడ్డను కనకుండా ఉండే హక్కు, కనాలనుకుంటే కనే హక్కు, కన్నబిడ్డలను భద్రమైన పరిసరాలలో పెంచుకునే హక్కు అనే మూడూ ఒకదాని నుంచి ఒకటి విడదీయరానివన్నది వారి వాదన సారాంశం. అదే ఏడాది సెప్టెంబరులో కైరోలో జరిగిన జనాభా, అభివృద్ధి సదస్సు ప్రభుత్వాలను జనాభా లెక్కల నుంచి స్త్రీల ఆరోగ్యం వైపు మళ్లమని కోరగా, భారత ప్రభుత్వం 1996 ఏప్రిల్ నుంచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు జిల్లాలవారీ లక్ష్యాలను విధించే పద్ధతిని కాగితం మీద రద్దు చేసింది. మూడో హక్కు మాత్రం ఆనాటి నుంచి నేటి వరకు ఏ ఆరోగ్య శాఖ దస్త్రంలోనూ తనకంటూ ఒక పేజీ సంపాదించుకోలేదు. ఈ ప్రాంతంలో తిరిగేవారికి అడుగడుగునా ఎదురయ్యేది ఆ మూడో హక్కే.

తెలుగు నేల నుంచి టాటానగర్ స్టేషనుకు చేరే ఒక దారి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, రూర్కెలాల మీదుగా కొండలనూ సాలవనాలనూ చీల్చుకుంటూ చక్రధర్‌పూర్ చేరి, అక్కడి నుంచి ఖర్‌కాయి నదిని దాటి నగరంలోకి దిగుతుంది. ఒకప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు వాల్తేరు వరకు సాగడంతో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాలకూ, ఆ తరువాత ఉక్కు కర్మాగారానికీ తెలుగు కుటుంబాలు వలస వెళ్లాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ నిలిచి ఉన్న గుర్తు. సాక్చీ అనే పల్లె ఉన్న చోట కర్మాగారం లేచి, 1912లో తొలి ఉక్కు దిమ్మె పోతపోసిన తరువాత, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అనీ కాళీమాటీ స్టేషనుకు టాటానగర్ అనీ పేర్లు వచ్చాయి. అప్పటి నుంచి సంథాలీ, హో, ఒడియా, బంగ్లా, భోజ్‌పురి, ఛత్తీస్‌గఢీ, తెలుగు మాట్లాడే శ్రామికులు ఒకే కొలిమి చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు.

ఆ కర్మాగారపు తొలి దశాబ్దాల చరిత్రలో స్త్రీలూ ఉన్నారు. బొగ్గు, ఇసుక, ఇటుక తట్టల్లో మోసే కూలి స్త్రీలను ఇక్కడ రెజాలు అనేవారు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసిన టాటా సంస్థ 1928లో ప్రసూతి సహాయాన్ని కూడా ప్రారంభించింది. దేశవ్యాప్తంగా వర్తించే ప్రసూతి ప్రయోజన చట్టం రావడానికి 1961 వరకు ఆగవలసి వచ్చిందని గుర్తుంచుకుంటే, ఉక్కు నగరం ఆ విషయంలో దేశం కంటే 33 ఏళ్లు ముందుంది. ఇది నిస్సందేహంగా గౌరవించదగిన చరిత్ర. అయితే ఇటువంటి సదుపాయానికి కంపెనీ హాజరుపట్టీలో పేరు ఉండడం తొలి షరతు. కాంట్రాక్టు పని చేసే ఆమెకూ, కంపెనీ ఉద్యోగి ఇంట అంట్లు తోమే ఆమెకూ, నదీ తీరాన ఇటుకలు మోసే ఆమెకూ అది అందదు. ఇప్పటికీ కంపెనీ ఉద్యోగి కుటుంబానికి బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ సొంత ఆస్పత్రి కాగా, హాజరుపట్టీకి బయట ఉన్న పేద గర్భిణి ప్రభుత్వ మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ఆస్పత్రి దారి పట్టవలసి ఉంటుంది.

సీతారాండేరా ఈ రెండు లోకాల సరిహద్దు మీద ఉంది. సాక్చీ గోల్ చక్కర్ దగ్గర నుంచి షేర్ ఆటోలో భాలుబాసా మీదుగా వచ్చేవారికి మొదట కనిపించేవి తిన్నని వీధులు, వరుస క్వార్టర్లు, వేపచెట్లు. నది వైపు దిగేకొద్దీ ఇళ్లు దగ్గరగా ఒరుసుకుంటాయి, పైకప్పు రేకులుగా మారుతుంది, వీధి సందుగా మారుతుంది, కుళాయి ఇంటి లోపలి నుంచి వీధి మలుపుకు జరుగుతుంది. నగరంలో ఇటువంటి వాడలను 86 బస్తీలు అని ఒక్క మాటలో చెప్పడం అలవాటు. కంపెనీ లీజు భూముల్లో దశాబ్దాల క్రితం లేచిన ఈ బస్తీల వాసులు తమ ఇంటి స్థలాలపై మాలికానా హక్కు, అంటే యాజమాన్య హక్కు, కావాలని కోరుతూనే ఉన్నారు. ప్రతి ఎన్నికలోనూ ఆ కోరిక వాగ్దానంగా మారుతుంది, ఎన్నిక అయిపోగానే మళ్లీ కోరికగానే మిగులుతుంది. భూమి పట్టాకూ స్త్రీ గర్భానికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. తనదని రుజువు చేసుకోలేని ఇంటికి మరుగుదొడ్డి, మంచినీటి కుళాయి, మురుగు కాలువ ఆలస్యంగా వస్తాయి. నిండు గర్భిణి బిందె మోస్తుంది. బాలింత తెల్లవారక ముందే బహిర్భూమికి వెళ్లవలసి వస్తుంది. వర్షాకాలంలో సువర్ణరేఖ పొంగితే పసిబిడ్డను ఎత్తుకుని బడి వరండాకు చేరవలసి వస్తుంది. చికాగోలో ఆ స్త్రీలు చెప్పిన మూడో హక్కు ఇక్కడ నీళ్ల బిందె బరువులో తెలుస్తుంది.

ఈ రాష్ట్రంలో ఆశా కార్యకర్తను సహియా అంటారు. సింగ్‌భూమ్ ఆదివాసీ సంప్రదాయంలో ఇద్దరు స్త్రీలు ఒకరికొకరు తోడుంటామని మాట ఇచ్చుకుని కలుపుకునే నెచ్చెలి వరసకు అది పేరు. జీతం లేకుండా, ప్రధానంగా చేసిన పనికి ఇంత అని ప్రోత్సాహకం తీసుకుంటూ గర్భిణుల పేర్లు నమోదు చేసి, టీకాలకు పిలిచి, కాన్పు నొప్పులు మొదలైన రాత్రి వాహనం కోసం పరిగెత్తే స్త్రీకి ప్రభుత్వం ఆ బంధుత్వపు పేరు పెట్టింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని పది లక్షలకు పైగా ఆశాలను సత్కరించింది. ఇప్పటికీ ఏ రాష్ట్రంలోనూ వారికి ప్రభుత్వోద్యోగి హోదా లేదు. పొరుగు స్త్రీల మాతృత్వాన్ని కాపాడే స్త్రీ సొంత శ్రమకు న్యాయం చేయని వ్యవస్థ పునరుత్పత్తి న్యాయం గురించి మాట్లాడడంలో పెద్ద లోపం ఉంది. ఈ ప్రాంతంలో సాధించిన విజయాల వెనుక ఉన్న చేతులన్నీ అటువంటి స్త్రీలవే కనుక ఆ మాటను ముందే చెప్పుకోవాలి.

ఆ విజయాలకు కేంద్రం సీతారాండేరా నుంచి పడమరగా ఉన్న చక్రధర్‌పూర్. ఆదిత్యపూర్ దాటిన రైలు పరిశ్రమల పొగను వెనక్కి వదిలి, సీనీ, రాజ్‌ఖర్సావాన్ స్టేషన్ల మీదుగా ఎర్రమట్టి పొలాల మధ్యకు చేరుతుంది. రైల్వే డివిజన్ కేంద్రమైన ఈ చిన్న పట్టణంలో ప్రశాంత త్రిపాఠీ, నిర్మలా నాయర్ అనే దంపతులు 2002లో ఏక్‌జుట్ అనే సంస్థను నెలకొల్పారు. పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్, వాటికి ఆనుకొని ఒడిశాలో ఉన్న కేంఝర్ అనే మూడు జిల్లాల్లో, లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులతో కలిసి, 2005 జులై నుంచి 2008 జులై వరకు వారు ఒక పరీక్ష నడిపారు. దాదాపు 2,28,000 జనాభా ఉన్న ప్రాంతాన్ని 36 క్లస్టర్లుగా, అంటే పల్లెల సముదాయాలుగా విభజించి, చీటీలు తీసినట్టుగా ఏ పక్షపాతమూ లేకుండా 18 క్లస్టర్లలో స్త్రీల సమావేశాలు జరిపించి, మిగిలిన 18 క్లస్టర్లలో జరిపించకుండా, రెండు చోట్లా జననాలనూ మరణాలనూ ఒకే పద్ధతిలో లెక్కించారు. గ్రామ ఆరోగ్య సంఘాల ఏర్పాటు వంటి మార్పులు రెండు చోట్లా చేశారు కనుక, తేడా అంటూ వస్తే అది స్త్రీల సమావేశాల వల్లనే వచ్చిందని చెప్పడానికి వీలు కలిగింది.

ఆ సమావేశం ఎలా జరిగేదో దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే ఈ పనిలోని బలమంతా అక్కడే ఉంది. నెలకు ఒకసారి పల్లెలోని స్త్రీలు చెట్టు కిందనో ఒక ఇంటి ముంగిటనో బైఠక్‌కు కూర్చుంటారు. సమావేశం నడిపించేది నర్సు కాదు, డాక్టరు అంతకన్నా కాదు; అదే ప్రాంతంలో పుట్టి అదే భాష మాట్లాడే ఒక స్త్రీ. ఆమె నేల మీద బొమ్మల కార్డులు పరుస్తుంది: కాన్పు తరువాత ఆగని రక్తస్రావం ఒక కార్డు మీద, మాయ పడకపోవడం ఒకదాని మీద, చల్లబడిపోయిన పసికందు ఒకదాని మీద, మరీ చిన్నగా పుట్టిన బిడ్డ మరొకదాని మీద. తమ ఊళ్లో తమకు ఎక్కువగా ఎదురైన కష్టం ఏదో ప్రతి స్త్రీ ఆలోచించి ఆ కార్డు మీద ఒక రాయి పెడుతుంది. చదువు రాని స్త్రీ ఓటుకూ చదువుకున్న స్త్రీ ఓటుకూ ఇక్కడ బరువు ఒకటే. రాళ్లు ఎక్కువ పడిన సమస్యను ఎంచుకుని, దానిపై ఒక కథ చెప్పి, కథలోని బిడ్డ ఎందుకు చనిపోయింది అని అడుగుతారు. చల్లబడి చనిపోయింది. ఎందుకు చల్లబడింది? మాయ పడే దాకా బిడ్డను తడి ఒంటితో నేల మీదే ఉంచారు. ఎందుకు ఉంచారు? తల్లి సంగతి తేలాకే బిడ్డను తాకాలన్నది పెద్దల ఆచారం. పక్కన ఇంకొకరు ఎందుకు లేరు? ఆమె మగడు పనికి పోయాడు, అత్త అడవికి పోయింది, ఎండు గుడ్డ ఒక్కటి కూడా ముందుగా తీసి పెట్టలేదు. ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోగా చివరకు మిగిలేది ఆ ఊరి స్త్రీలు తామే మార్చగలిగిన ఒక పని.

మొత్తం 20 సమావేశాలు నాలుగు దశలుగా సాగుతాయి: కష్టాలను గుర్తించడం, ఉపాయాలు ఆలోచించడం, వాటిని ఆచరణలో పెట్టడం, చేసినదాన్ని తామే బేరీజు వేసుకోవడం. రెండో దశ ముగిసే సమయానికి ఊరంతటినీ పిలిచి, మగవారి ముందు, పెద్దల ముందు తమ ఉపాయాలను వినిపిస్తారు. కాన్పు ఖర్చు కోసం చందా నిధి, నొప్పులు వస్తే ఎవరి బండి కట్టాలన్న ఏర్పాటు, శుభ్రమైన బ్లేడూ ఉడికించిన దారమూ ఉన్న కాన్పు సంచీ ఇవన్నీ అలా పుట్టినవే. ఆడవారి పురిటి గది సంగతి మగవారి ఎదుట ఊరి పనిగా చర్చకు రావడమే ఆ సమాజంలో పెద్ద మార్పు.

ఫలితాలను 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రిక ప్రచురించింది. పుట్టిన 28 రోజుల లోపు చనిపోయే పసికందుల సంఖ్యను ప్రతి వెయ్యి సజీవ జననాలకు లెక్కిస్తే వచ్చేది నవజాత శిశు మరణాల రేటు. సమావేశాలు జరిగిన పల్లెల్లో ఆ రేటు మొదటి ఏడాది 55.6 ఉండగా మూడో ఏడాదికి 36.3కు తగ్గింది, జరగని పల్లెల్లో 53.4 నుంచి 64.3కు పెరిగింది. చివరి రెండేళ్లను లెక్కిస్తే తగ్గుదల 45 శాతం. మూడో ఏడాదిలో తల్లులలో ఒక మోస్తరు కుంగుబాటు కూడా 57 శాతం తగ్గింది. తరువాతి విశ్లేషణలో, అన్నిటికంటే అట్టడుగున ఉన్న కుటుంబాలలోనే మరణాల తగ్గుదల అత్యధికమని, 59 శాతమని తేలింది. సాధారణంగా ఏ ఆరోగ్య పథకమైనా ముందుగా కాస్త ఉన్నవారి గడప తొక్కి, ఆ తరువాతే లేనివారి ఇంటికి చేరుతుంది. ఇక్కడ ఆ క్రమం తిరగబడింది. పరీక్ష ముగిశాక సమావేశాలను అవి జరగని పల్లెలకూ విస్తరించారు, అక్కడా మరణాలు తగ్గాయి.

ఇక్కడ తెలుగు పాఠకుడు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ మూడేళ్లలో ఆస్పత్రి కాన్పులు చెప్పుకోదగినంతగా పెరగలేదు. బిడ్డను వెంటనే తుడిచి ఎండు గుడ్డలో చుట్టడం, మంత్రసాని చేతులు సబ్బుతో కడుక్కోవడం, బొడ్డు తాడును శుభ్రమైన బ్లేడుతో కోయడం, మొదటి ఆరు వారాలు తల్లిపాలే పట్టడం వంటి ఇంటి పనుల వల్లనే ఎక్కువ ప్రాణాలు దక్కాయి. ఆస్పత్రి అనవసరమని దీని అర్థం కానే కాదు; రక్తస్రావంతో ప్రాణం పోతున్న తల్లికి బైఠక్ రక్తం ఎక్కించలేదు, అడ్డం తిరిగిన బిడ్డను ఏ కథా బయటకు తీయలేదు. ఆస్పత్రి వరకు తీసుకుపోయే నిర్ణయం కూడా ఇంట్లోనే, ఊళ్లోనే జరుగుతుంది కనుక, ఆ నిర్ణయంలో స్త్రీకి మాట దక్కడమే మొదటి వైద్యమన్నది దీనివల్ల రుజువైంది.

2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది. సహియాలే సమావేశాలు నడిపేలా మార్చిన మరొక పరీక్షలో నవజాత మరణాలు 31 శాతం తగ్గాయి. అనంతరం జార్ఖండ్ ప్రభుత్వమే దీనిని పెద్ద ఎత్తున విస్తరించగా 24 శాతం తగ్గుదల కనిపించిందని 2021లో వెలువడిన అధ్యయనం తెలిపింది. చిన్న సంస్థ చేతిలో 45గా ఉన్న శాతం ప్రభుత్వ యంత్రాంగం చేతికి వచ్చేసరికి 24 కావడాన్ని వైఫల్యమని అనలేము. ప్రభుత్వ యంత్రాంగం ద్వారానే పసికందుల మరణాలలో దాదాపు నాలుగో వంతు తగ్గించగలిగిన పథకాలు దేశ చరిత్రలో చాలా తక్కువ.

అయితే పల్లెలో ఫలించినది సీతారాండేరాలో ఫలిస్తుందా? ముంబైలోని 48 మురికివాడల్లో దాదాపు ఇదే పద్ధతితో జరిగిన పరీక్ష 2012లో ప్రచురితమైనప్పుడు, అక్కడ మరణాలలో ఏ తగ్గుదలా కనిపించలేదు. నగరపు బస్తీలో స్త్రీలు వేరువేరు వేళల్లో పనికి పోతారు, అద్దె పెరిగితే ఇల్లు మారతారు, కాన్పుకు పుట్టింటికి వెళ్లి నెలల తరబడి రారు. ఈ ఏడాది బైఠక్‌లో కూర్చున్న గర్భిణి వచ్చే ఏడాది ఆ వీధిలో ఉండకపోవచ్చు. ఊళ్లోని గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సమావేశాలకు వస్తేనే ఫలితం గట్టిగా ఉంటుందని ఏడు పరీక్షల సమీక్ష తేల్చింది, ఆ 30 శాతాన్ని నగరంలో కూర్చోబెట్టడం కష్టం. జంషెడ్‌పూర్ బస్తీలు ముంబై వాడలంత చెదిరినవి కావు, రెండు మూడు తరాలుగా ఒకే సందులో ఉన్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అయినా ఇక్కడ స్త్రీలు రాళ్లు పెట్టవలసిన కార్డులు వేరు. చల్లబడిన పసికందు బొమ్మ కంటే కుళాయి బొమ్మ మీద, కాంట్రాక్టరు బొమ్మ మీద, తాగి వచ్చిన భర్త బొమ్మ మీద ఎక్కువ రాళ్లు పడవచ్చు. అటువంటి కార్డులు గీయడానికి సిద్ధపడిన ఆరోగ్య శాఖే బస్తీలో పనికొస్తుంది.

రాష్ట్ర గణాంకాలు ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చూపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం జార్ఖండ్‌లో ఆస్పత్రి కాన్పులు 2005–06లో 18.3 శాతం కాగా 2019–21 నాటికి 75.8 శాతమయ్యాయి. లక్ష సజీవ జననాలకు ఎందరు తల్లులు చనిపోతున్నారో తెలిపే మాతృ మరణాల నిష్పత్తి, బీహార్‌తో కలిపి లెక్కించిన 2001–03లో 371 ఉండగా, 2018–20లో జార్ఖండ్‌కు 56కు దిగింది. ఈ మార్పు చిన్నది కాదు. కానీ రక్తహీనత ఉన్న స్త్రీల శాతం 2015–16లో 65.2, 2019–21లో 65.3. అంటే అంబులెన్సు, కాన్పు గది, నగదు ప్రోత్సాహకం మార్చగలిగినవన్నీ మారాయి. పళ్లెంలోని కూడు, పొలం మీది హక్కు, ఇంట్లో చివరగా తినే అలవాటు మారితేనే తగ్గే రక్తహీనత మాత్రం అంగుళం కూడా కదలలేదు.

జంషెడ్‌పూర్ నుంచి ఆగ్నేయంగా ఉన్న జాదూగూడ వైపు దారి పట్టినవారికి మూడో హక్కు మరింత కఠినంగా ఎదురవుతుంది. 1967 నుంచి ఇక్కడ యురేనియం తవ్వుతున్నారు. ఖనిజం తీసుకున్న తరువాత మిగిలే బురదను నిల్వ చేసే చెరువులను టెయిలింగ్ పాండ్లు అంటారు. అవి సంథాల్, హో కుటుంబాలు నివసించే చాటీకోచా, డుంగ్రీడీహ్, తిలాయీటాండ్ వంటి పల్లెలకు ఆనుకొనే ఉన్నాయి. 1996 జనవరిలో కొత్త చెరువు కోసం చాటీకోచాలో ఇళ్లు కూల్చారు. 2006 డిసెంబరులో డుంగ్రీడీహ్ దగ్గర గొట్టం పగిలి బురద వాగులోకి పారింది. రేడియేషన్ వ్యతిరేక జార్ఖండీ సంఘం పేరుతో ఘనశ్యామ్ బిరులీ తదితరులు కట్టిన ఉద్యమం ఎత్తిన ప్రశ్నల్లో ముఖ్యమైనది కడుపు ప్రశ్నే: గర్భాలు నిలవడం లేదు, పిల్లలు వైకల్యాలతో పుడుతున్నారు, ఈ ఊళ్ల ఆడపిల్లలను కోడళ్లుగా చేసుకోవడానికి బయటి ఊళ్లవారు వెనుకాడుతున్నారు. శాంతి, అభివృద్ధి కోసం పనిచేసే భారతీయ వైద్యుల సంఘం 2007లో జరిపిన సర్వే గనుల దగ్గరి పల్లెల్లో సంతానలేమి, పుట్టుక లోపాలు దూరపు పల్లెల కంటే ఎక్కువని తెలిపింది. గని నడిపే యురేనియం కార్పొరేషన్ ఆ వాదనను అంగీకరించలేదు. ఏ సందేహమూ మిగలకుండా తేల్చవలసిన బాధ్యత గని నడిపేవారిదీ ప్రభుత్వానిదీ కాని, గర్భం పోయిన తల్లిది కాదు. అదే కార్పొరేషన్ కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుపుతోంది, చుట్టుపక్కల ఊళ్లవారు భూగర్భ జలాలు చెడిపోయాయని వాపోతున్నారు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా లేచిన గొంతుల ఫలితంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. జాదూగూడ కనుక తెలుగువారికి పరాయి ఊరు కాదు.

ఈ యాత్రలో చూసినదాన్ని తెలుగు నేలతో పోల్చుకోకుండా ఉండడం సాధ్యం కాదు, ఆ పోలిక మింగుడుపడేదీ కాదు. ఆస్పత్రుల విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జార్ఖండ్ కంటే ఎంతో ముందున్నాయి. కానీ 2019–21 సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం పెద్దాపరేషన్లు, జార్ఖండ్‌లో 12.8 శాతం. పెళ్లయిన స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం, ఆంధ్రలో మగవారి వాటా అర శాతం కూడా లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో 1976–77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా జరిగిన ఆపరేషన్లలో అధిక భాగం మగవారివి. ఆ కోపం ఓట్ల రూపంలో తగిలిన తరువాత భారమంతా ఆడవారి మీదికి జరిగి అక్కడే ఉండిపోయింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో కొద్ది గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేయగా పది మందికి పైగా చనిపోయారు. బీహార్‌లోని అరరియా జిల్లా శిబిరంపై దేవికా బిశ్వాస్ వేసిన వ్యాజ్యంలో 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్లలో ఎత్తివేయాలని ఆదేశించింది.

ఇక గర్భసంచి సంగతి. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో 8 శాతం. వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, ప్రకాశ్ వింజమూరి 2009 నాటికే అవసరం లేని ఈ ఆపరేషన్ల గురించి అధ్యయనం చేసి హెచ్చరించారు. తెల్లబట్టకు, నడుము నొప్పికి మందుతో పోయే చోట కత్తి వేయడం, ఇద్దరు పిల్లలు పుట్టాక గర్భసంచితో పనేమిటని అడగడం, ముప్పై ఏళ్లు నిండకుండానే ఆ స్త్రీ శరీరం ముట్లుడిగిన వయసుకు చేరడం తెలుగు పల్లెల్లో ఎవరికీ కొత్త కథలు కావు. సింగ్‌భూమ్ స్త్రీకి ఆస్పత్రి దూరమై అన్యాయం జరిగితే తెలుగు స్త్రీకి ఆస్పత్రి చేతుల్లోనే అన్యాయం జరిగింది. రెండు చోట్లా ఆమెను ఎవరూ అడగలేదు.

అడగమని పట్టుబట్టిన తెలుగు స్త్రీలు లేకపోలేదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్‌ ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి పల్లె స్త్రీలను పూర్తి సమాచారం ఇవ్వకుండా తీసుకువస్తున్నారని తెలిసి హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ పాఠంలోని కథ మీద మాట్లాడుకున్న స్త్రీలు సారా దుకాణం మూయించగా, ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధానికి దారితీసింది. కథ చెప్పుకోవడం, ఎందుకు అని అడగడం, ఊరి ముందు నిలబడడం అన్న మూడు మెట్లూ చక్రధర్‌పూర్ పల్లెల కంటే పుష్కర కాలం ముందే దూబగుంటలో ఉన్నాయి.

ఏక్‌జుట్ పరీక్షలో పనిచేసిన 244 స్త్రీల బృందాలలో 172 కొత్తగా పుట్టినవి కావు, అప్పటికే ఉన్న పొదుపు సంఘాలే. డ్వాక్రా కాలం నుంచి తెలుగు రాష్ట్రాల్లో అటువంటి సంఘం లేని పల్లె దొరకదు. స్త్రీలు నెల నెలా కూర్చుంటారు, పుస్తకం తెరుస్తారు, కిస్తీలు లెక్కవేస్తారు, బ్యాంకు అప్పు మాట్లాడతారు, లేచిపోతారు. ఆ కూర్చునే సమయానికి ఇంకొక గంట కలిపి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఆ గంటకు తగిన వేతనం ఇచ్చి, గర్భసంచి ఆపరేషన్, పెద్దాపరేషన్, రక్తహీనత, మగవారికి జరగని కుటుంబ నియంత్రణ అనే నాలుగు బొమ్మల కార్డులు చాప మీద పరిచి, ఏ కార్డు మీద ఎక్కువ రాళ్లు పడతాయో చూడడానికి కొత్త చట్టమూ కొత్త భవనమూ అక్కరలేదు. మెదక్, కర్నూలు, ప్రకాశం, అనంతపురం జిల్లాల్లో ఏ మండలం నుంచైనా దీన్ని మొదలుపెట్టవచ్చు; లెక్కలు మాత్రం చక్రధర్‌పూర్‌లో రాసినంత శ్రద్ధగా, సమావేశం జరిగిన ఊళ్లవీ జరగని ఊళ్లవీ వేరువేరుగా, మొదటి నెల నుంచే రాయాలి.